సగటు ఒక్కటే, క్లాసులు వేరు: గణితం, కంప్యూటింగ్ పీజీల్లో మార్కుల లెక్క

#1 ఎప్సిలాన్

అందరికీ నమస్కారం. గణితం, కంప్యూటింగ్ కలిపి చదివే ఎమ్మెస్సీలో సీటొచ్చింది. బ్రిటన్ పద్ధతి. మొత్తం 180 క్రెడిట్లు, అందులో పేపర్లకి 120, డిసర్టేషన్‌కి (ఆఖర్న రాసే పరిశోధన వ్యాసానికి) 60. సగటు 50 అయితే పాస్, 60 అయితే మెరిట్, 70 అయితే డిస్టింక్షన్, ఇవీ క్లాసులు. ఇంతవరకూ బాగానే ఉంది. కిందనే ఇంకో ముక్క రాశారు: డిస్టింక్షన్‌కి మొత్తం సగటుతోపాటు డిసర్టేషన్‌లో కూడా విడిగా 70 ఉండాలట. డిగ్రీలో 90లు తెచ్చుకున్నదాన్ని, 70 అంటే పెద్ద కష్టమనిపించడం లేదు. నిజంగా అంత తేలికేనా? మాడ్యూళ్లు (చదవబోయే సబ్జెక్టులు) ఎంచుకోవడానికి కొద్ది రోజులే గడువుంది, అందుకే అడుగుతున్నాను.

#2 సెగ్‌ఫాల్ట్

90ల అలవాటు గేటు బయటే వదిలేసి రండి. కంప్యూటింగ్ కోర్స్‌వర్క్‌లో (పరీక్ష హాల్లో కాకుండా గడువులోపు చేసిచ్చే పనిలో) అడిగిందంతా శుభ్రంగా చేసిపెడితే 62, 65 దగ్గర ఆగుతుంది. 70 దాటాలంటే అడగనిది కూడా కొంత ఆలోచించి ఉండాలి. 80 పైన మార్కు చాలా అరుదుగా పడుతుంది. అదే కోర్సులో గణితం పేపర్‌కి ఎవరో 94 తెచ్చుకుంటారు. ఆ రెంటినీ కూడి సగటు తీస్తారు. మీరు చేరబోయేది అక్కడికి.

#3 రూల్‌బుక్

ఆ "ఇంకో ముక్క" ఏం చేస్తుందో లెక్కేసి చూడండి.

ఒకరికి పేపర్ల సగటు 68, డిసర్టేషన్‌లో 74. 120 క్రెడిట్లకి 68 చొప్పున 8160, 60 క్రెడిట్లకి 74 చొప్పున 4440. మొత్తం 12600. దాన్ని 180తో భాగిస్తే సరిగ్గా 70.

ఇంకొకరికి పేపర్ల సగటు 71, డిసర్టేషన్‌లో 68. అంటే 8520, 4080. మళ్లీ 12600, మళ్లీ సరిగ్గా 70.

మొదటివారికి డిస్టింక్షన్. రెండోవారికి మెరిట్. సగటులో పిసరంత తేడా లేదు, పట్టా మీద మాట మాత్రం మారిపోయింది.

ఇది అన్యాయమని నేననను. డిసర్టేషనే డిగ్రీకి ప్రాణమనుకునే విభాగం ఇలాంటి షరతు పెడుతుంది. ఈ షరతే లేని చోట్లున్నాయి. పేపర్లలోనూ, డిసర్టేషన్‌లోనూ విడివిడిగా 70 కావాలనే చోట్లూ ఉన్నాయి, అక్కడైతే పై ఇద్దరికీ మెరిటే. అందుకే హ్యాండ్‌బుక్‌లో సిలబస్ కంటే ముందు వెనక పేజీలు తిరగెయ్యాలి. 69.5ని 70గా సవరిస్తారా? 68కీ 70కీ మధ్య పడినవాళ్లకి బోర్డర్‌లైన్ నిబంధన ఏదైనా ఉందా? ఒక పేపర్ 50కి కాస్త కింద పడితే మిగతావి బాగున్నాయని వదిలేస్తారా, మళ్లీ రాయమంటారా? మళ్లీ రాస్తే ఎంతొచ్చినా 50 దగ్గరే కట్టేస్తారా? చాలాచోట్ల కట్టేస్తారు, ముందే చెబుతున్నా.

#4 లెమ్మా

గణితం పేపర్లు దిద్దే పని నాది, కాబట్టి అటువైపు నుంచి చెబుతాను.

నిరూపణ అడిగే ప్రశ్నకి 20 మార్కులుంటే మా ముందు మార్కుల పథకం ఉంటుంది. నిర్వచనానికి ఇన్ని, వాడిన సిద్ధాంతం షరతులు సరిచూసినందుకు ఇన్ని, అసలు కిటుకున్న మెట్టుకి ఇన్ని, ముగింపుకి ఇన్ని. పీజీ పిల్లలు కిటుకు దగ్గర తడబడడం మేం అనుకున్నంత ఉండదు. షరతుల దగ్గరే పోగొట్టుకుంటారు. అవధినీ (లిమిట్) సమాకలనినీ (ఇంటెగ్రల్) అటూ ఇటూ మార్చేసి, అలా మార్చడానికి వీలిచ్చే సిద్ధాంతం పేరు చెప్పి "డామినేటెడ్ కన్వర్జెన్స్ వల్ల" అని రాసేస్తారు. ఆ ఆధిపత్యం చేసే ప్రమేయం (ఫంక్షన్) ఏది, దాని సమాకలని పరిమితమేనా అన్న ఊసే ఉండదు. అక్కడ రెండు మూడు మార్కులు పోతాయి. అలాంటివి పేపరంతా కలిస్తే క్లాసే మారుతుంది.

ఇంకో సంగతి ఎవరూ అడగరు. నాలుగు ప్రశ్నలు సగం సగం రాసినవాడికీ, రెండే ప్రశ్నలు చివరిదాకా రాసినవాడికీ మార్కులు సమానంగా రావచ్చు. వాళ్లిద్దరూ సమానమేనా? కేంబ్రిడ్జ్ గణిత ట్రైపాస్‌లో (అది డిగ్రీ స్థాయి, పీజీ కాదు) దీనికి మొహమాటం లేని జవాబుంది. దాదాపు సంపూర్ణంగా రాసిన జవాబుకి ఆల్ఫా అని విడిగా లెక్క వేస్తారు, క్లాసు తేల్చేటప్పుడు మార్కులతోపాటు ఆల్ఫాలకీ బరువుంటుంది. మిగతా చోట్ల ఇది కాగితం మీద ఉండకపోయినా పథకం రాసేటప్పుడే దూరుస్తాం. మొదటి సగానికి 8, రెండో సగానికి 12 అని పెడతాం.

సెగ్‌ఫాల్ట్ గారు చెప్పిన 94 సంగతి నిజమే. గణితం పేపర్లో మార్కులు రెండు గుంపులుగా పడతాయి. విషయం పట్టుబడ్డవాళ్లు 80 పైన, పట్టుబడనివాళ్లు 40 కింద, మధ్యలో పలచగా కొందరు. కంప్యూటింగ్ కోర్స్‌వర్క్‌లో 58కీ 72కీ మధ్యే అందరూ ఒకరినొకరు తోసుకుంటూ ఉంటారు. సగటు మీద గణితం పేపర్ల లాగుడు ఎక్కువ, పైకైనా కిందకైనా.

#5 సెగ్‌ఫాల్ట్

నా గొడవంతా అదే లెమ్మా గారూ. ఇద్దరూ ఒకే డిగ్రీ పట్టుకుని బయటికొస్తారు. గణితం ఎక్కువ తీసుకున్నవాడికి డిస్టింక్షన్ అందే దూరంలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కువ తీసుకున్నవాడు 69 దగ్గర కూర్చుని ఏడుస్తాడు. ఇదేం కొలత?

#6 లెమ్మా

అందుకే స్కేలింగ్ ఉంది. పేపర్లో వచ్చిన ముడి మార్కునే డిగ్రీ మార్కుగా ఎక్కించాలని రూలేం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ముడి మార్కుని యూనివర్సిటీ స్టాండర్డైజ్డ్ మార్క్ అనే దానిలోకి మారుస్తారు. లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. పేపర్ మరీ కష్టంగా వచ్చిందనుకోండి. జవాబు పత్రాలు చూసి, 54 తెచ్చుకున్నవాళ్ల పని డిస్టింక్షన్ గీత మీద ఉందని, 32 తెచ్చుకున్నవాళ్లది పాస్ గీత మీద ఉందని పరీక్షకులు తేల్చారనుకుందాం. 54ని 70 చేస్తారు, 32ని 50 చేస్తారు, 100ని 100గానే ఉంచుతారు. ఆ బిందువుల్ని సరళరేఖలతో కలుపుతారు. మధ్యలో ఉన్న 43 అప్పుడు 60 అవుతుంది. 77 తెచ్చుకున్నవాడికి 85. ర్యాంకు ఎవరిదీ మారదు, దూరాలు మారతాయి.

#7 మౌనపాఠకి

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు, దీనికి మాత్రం ఆగలేకపోయాను.

పీజీ ఆప్షనల్ పేపర్లో ఎంతమంది ఉంటారండీ? హోమోలాజికల్ ఆల్జీబ్రాకి తొమ్మిది మంది వస్తే గొప్ప. తొమ్మిది మార్కుల సగటు, విచలనం చూసి పేపర్ కష్టమో పిల్లలు బలహీనమో ఎలా చెబుతారు? ఆ ఏడాది వచ్చిన తొమ్మిది మందీ గట్టివాళ్లే కావచ్చు. "క్లాసు సగటు 62 ఉండాలి" అని పైనుంచి సర్దేస్తే వాళ్లకి పడేది శిక్షే కదా.

#8 లెమ్మా

నిజమే, సగటు చూసి సర్దడం చిన్న క్లాసులో పనికిరాదు. నేను చెప్పింది గీత మీదున్న పత్రాలు చదివి నిర్ణయించడం. అదే పిల్లలు మిగతా పేపర్లలో ఎలా రాశారన్నదీ పక్కన పెట్టుకుని చూస్తాం. అప్పటికీ అందులో మనిషి తీర్పు ఉంటుంది, లేదని బుకాయించను. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ని పిలిచేది ఇందుకే. ఆయన ప్రతి పేపరూ మళ్లీ దిద్దడు. ప్రశ్నపత్రం ముందే చూస్తాడు, కొన్ని పత్రాలు నమూనాగా చదువుతాడు, మా గీత ఆయన విశ్వవిద్యాలయం గీతకి దూరంగా ఉంటే పరీక్షకుల బోర్డులో నిలదీస్తాడు.

#9 తొమ్మిదో గ్రేడు

మీరంతా వందలోంచి మార్కుల గురించి మాట్లాడుతున్నారు. మన యూజీసీ గ్రేడింగ్‌లో ఇంతకంటే తమాషా ఉంది. 10 పాయింట్ల స్కేలు: ఓ కి 10, ఏ ప్లస్ 9, ఏ 8, బి ప్లస్ 7, బి 6, సి 5, పి 4, తప్పితే సున్నా. ఏ మార్కు నుంచి ఏ గ్రేడు అన్నది ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కోలా పెట్టుకుంటుంది.

70 నుంచి 79 వరకు 8, 80 నుంచి 89 వరకు 9 అని ఒకచోట పెట్టారనుకోండి. సమాన క్రెడిట్లున్న అయిదు పేపర్లు. ఒకమ్మాయికి అయిదింటిలోనూ 79. ఎస్‌జీపీఏ, అంటే సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సగటు, 8.0. పక్కబ్బాయికి ఒకదాంట్లో 80, మిగతా నాలుగింటిలో 70. అతనిది 8.2. మార్కుల సగటు చూస్తే ఆ అమ్మాయిది 79, అబ్బాయిది 72! ఏడు మార్కులు వెనకున్నవాడు పట్టికలో ముందున్నాడు.

తర్వాత దాన్ని శాతంలోకి మార్చడం ఇంకో ప్రహసనం. కొన్నిచోట్ల పదితో గుణిస్తారు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) పట్టిక ప్రకారం ముందు 0.75 తీసేసి పదితో గుణించాలి, అంటే 7.75కి 70 శాతం. పదితో గుణిస్తే అదే 77.5. ఉద్యోగ ప్రకటనలో "పీజీలో 75 శాతం" అని ఉంటే, మీరు అర్హులా కాదా అన్నది మీరు చదివిన చదువు కాదు, ఈ సూత్రం చెబుతుంది.

#10 వరుసక్రమం

సూత్రాల మాటొచ్చింది కాబట్టి: జర్మనీకి వెళ్లేవాళ్లకి, మన గ్రేడుని అక్కడి గ్రేడుగా మార్చే మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా తప్పదు. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 అంటే తప్పినట్టు. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసెయ్యండి, గరిష్ఠానికీ పాస్‌కీ ఉన్న తేడాతో భాగించండి, మూడుతో గుణించి ఒకటి కలపండి. పైన చెప్పిన 8.2నే వెయ్యండి. పాస్ 4 అనుకుంటే 1.9 వస్తుంది. మీ విశ్వవిద్యాలయంలో పాస్ 5 అయితే 2.08. పాస్ గీత ఎత్తుగా ఉన్నచోట చదివినవాడికే గ్రేడు తగ్గుతుంది! దరఖాస్తు నింపేటప్పుడు కనిష్ఠ పాస్ గ్రేడు దగ్గర నోటికొచ్చింది రాయకండి, ట్రాన్స్‌క్రిప్టు వెనక ఏముందో అదే రాయండి.

అక్కడి గణితం మాస్టర్స్‌లో నాకు బాగా నచ్చింది, భయపెట్టింది కూడా, మౌఖిక పరీక్ష. చాలా కోర్సులకి రాత పరీక్షే ఉండదు. అరగంట ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుంటారు, పక్కన ఇంకొకరు అడిగినవీ చెప్పినవీ రాసుకుంటూ ఉంటారు. "ఒక కాంపాక్ట్ ఆపరేటర్ ఉదాహరణ చెప్పండి" అని మొదలవుతుంది. చెబుతారు. "ఇది ఎందుకు కాంపాక్ట్? ఆ షరతు తీసేస్తే?" నిరూపణ బట్టీపట్టినవాడు మూడో ప్రశ్నకి దొరికిపోతాడు. అలాగే ఒక చిన్న తప్పుకి పేపర్లో పది మార్కులు పోగొట్టుకునే రకం మనిషికి ఇక్కడ ఊపిరాడుతుంది, ఎందుకంటే అక్కడికక్కడే "మళ్లీ చూడండి" అంటారు, సరిదిద్దుకోవచ్చు.

#11 ఎప్సిలాన్

అందరికీ థ్యాంక్స్, ఇంత ఉంటుందనుకోలేదు. వరుసక్రమం గారు రాత పరీక్ష లేదన్నారు కదా, బ్రిటన్‌లో కూడా అలాంటివి ఉంటాయా? నా లిస్టులో రెండు మాడ్యూళ్లకి "మినీ ప్రాజెక్ట్" అని ఉంది.

#12 రూల్‌బుక్

ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడదగ్గ జంట ఒకటుంది. కేంబ్రిడ్జ్‌లో పార్ట్ త్రీ అనే గణితం పీజీలో ఏడాదంతా చదివింది దాదాపుగా చివర్లో జరిగే పరీక్షల మీదే తేలుతుంది. కావాలంటే ఒక పేపర్ బదులు వ్యాసం రాయొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితమూ కంప్యూటర్ సైన్స్ పునాదులూ కలిపి చెప్పే ఎమ్మెస్సీ ఉంది, అక్కడ కోర్సుకి ఒక మినీ ప్రాజెక్ట్, ఆఖర్న డిసర్టేషన్. ఇంటికి తీసుకెళ్లి రాయడమే. రెండూ ఏడాది చదువులే, పరీక్షించే తీరులో పోలికే లేదు.

మినీ ప్రాజెక్ట్‌ని చూసి హమ్మయ్య అనుకునేవాళ్లు ఎక్కువ. మూడు గంటల్లో అయిపోయేది కాదు కాబట్టి ప్రశ్న కూడా మూడు గంటల ప్రశ్న కాదు. పైగా ఒకే వారంలో మూడు మినీ ప్రాజెక్టుల గడువు పడుతుంది. తేదీలు ముందే చూసుకోండి. గడువు దాటితే రోజుకిన్నని కోస్తారు.

#13 సెగ్‌ఫాల్ట్

డిసర్టేషన్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే కంప్యూటింగ్‌వాళ్లు మునిగేది అక్కడే.

మార్కుల పట్టిక ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా అంశాలు అవే: నేపథ్యం, డిజైన్, అమలు, మూల్యాంకనం, రాసిన తీరు. మన పిల్లలకి కోడ్ రాయడమంటే ప్రాణం. వేసవంతా కోడ్ రాస్తారు. ఆఖరి రెండు వారాల్లో రిపోర్ట్. మూల్యాంకనం అన్న అధ్యాయంలో ఒక స్క్రీన్‌షాటు, "వ్యవస్థ బాగా పనిచేస్తోంది" అని ఒక వాక్యం. దేనితో పోల్చితే బాగా? ఎంత డేటా మీద? ఎన్నిసార్లు నడిపితే ఎంత తేడా వచ్చింది? ఏ సందర్భంలో పడిపోయింది? ఇవేవీ లేకపోతే ఎంత అద్భుతమైన సాఫ్ట్‌వేరైనా 60ల్లోనే. దిద్దేవాళ్లు మీ కోడ్‌ని నడిపి చూసే సమయం తక్కువ, రిపోర్ట్ చదివే సమయమే ఎక్కువ.

నేను చూసిన 70 పైన డిసర్టేషన్లలో కొన్ని విఫలమైన ప్రయోగాలే. ఈ అల్గారిథం వేగంగా ఉంటుందనుకున్నాం, లేదు, ఇదిగో కొలతలు, ఇందుకు అని ఓపిగ్గా విడమర్చినవి. పరిశోధనకి మార్కులిచ్చే పద్ధతిలో ఇది బాగుంటుంది: ఫలితం వ్యతిరేకంగా వచ్చినా పని బాగుంటే మార్కు తగ్గదు.

గైడు ఒకరు, గైడు కానివారు ఇంకొకరు, విడివిడిగా దిద్దుతారు. ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా వస్తే మాట్లాడుకుని ఒక మాటకొస్తారు, కుదరకపోతే మూడోవారి దగ్గరికి వెళ్తుంది. గైడుకి మీ కష్టం తెలుసు, రెండో మనిషికి తెలిసేది కాగితం మీదున్నదే. రిపోర్ట్ ఆ రెండో మనిషి కోసం రాయండి.

#14 లెమ్మా

గణితం డిసర్టేషన్‌కి దాదాపు ఇదే. కొత్త సిద్ధాంతం కనిపెట్టాలని ఎవరూ అనరు. నాలుగు పత్రాల్లో నాలుగు సంకేతాలతో ఉన్నదాన్ని ఒక తాటి మీదకి తెచ్చి, "స్పష్టమే" అని మూల రచయిత దాటేసిన చోట నిజంగా నింపి, ఒక ఉదాహరణ సొంతంగా కట్టి చూపితే చాలు.

#15 బైనరీ బాబాయ్

ఇవన్నీ సరే, ఈ కాలంలో ఇంటికిచ్చి రాయించే పని ఎవరు రాశారో ఎలా తెలుస్తుంది? కోడ్ ఏఐ రాస్తుంది, రిపోర్టూ అదే రాస్తుంది. మాస్ లాంటి కాపీ పట్టే సాధనాలు ఉన్నాయి కదా, అవి పట్టుకోవూ?

#16 సెగ్‌ఫాల్ట్

లేదు బాబాయ్ గారూ. 1994లో బర్క్‌లీలో మాస్ తయారైంది వేరే జబ్బు కోసం. అది ప్రోగ్రాముల్ని ఒకదానితో ఒకటి పోల్చి నిర్మాణంలో పోలిక పడుతుంది. చరరాశుల పేర్లు మార్చి, వ్యాఖ్యలు తీసేసి ఇచ్చినా దొరుకుతారు. కానీ పోల్చడానికి రెండోది ఉండాలి కదా. ఏఐ ఎవరికి వాళ్లకి కొత్తగా రాసిచ్చేస్తే పోలిక ఎక్కడిది?

అందుకే వైవాకి, అంటే ఎదురుగా కూర్చోబెట్టి అడిగే మౌఖిక పరీక్షకి, మళ్లీ రోజులొచ్చాయి. "ఈ ఫంక్షన్‌లో ఈ లూప్ ఎందుకు వెనక్కి నడుస్తోంది? ఖాళీ ఇన్‌పుట్ ఇస్తే ఏమవుతుంది?" రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. వరుసక్రమం గారు చెప్పిన జర్మన్ పద్ధతికి ఈ బెడద ముందునుంచీ లేదు. వంద మంది ఉన్న క్లాసులో అందరికీ వైవా పెట్టడం ఎవరి తరం అంటే, ఏమో, మాలో చాలామందికి అదే తలనొప్పి.

#17 మౌనపాఠకి

నా ప్రశ్న వేరు. నేను చదివిన చోట ఒక పేపర్లో అనుకున్నదానికి చాలా తక్కువ వచ్చింది. జవాబు పత్రం చూపించమంటే ఆ విభాగం ససేమిరా అంది. అసలు చూసే హక్కు ఉందా లేదా?

#18 రూల్‌బుక్

ఏ దేశంలో రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

భారతదేశంలో ఉంది. 2011లో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద సమాచారమే, రాసిన అభ్యర్థి చూడొచ్చు, నకలూ అడగొచ్చు. దిద్దినవాళ్ల పేర్లు మాత్రం ఇవ్వరు. చూసే హక్కు వేరు, మళ్లీ దిద్దించుకునే హక్కు వేరు. రెండోది మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఉంటేనే.

ఐరోపాలో 2017 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం నోవాక్ కేసులో అభ్యర్థి రాసిన జవాబులూ, పరీక్షకుడి వ్యాఖ్యలూ రెండూ వ్యక్తిగత డేటాయే అంది, అంటే చూపించమని అడగొచ్చు. ఐర్లాండ్‌లో అకౌంటెన్సీ పరీక్ష తప్పిన ఒక ట్రైనీ వేసిన కేసది.

బ్రిటన్‌లో చిత్రం. 2018 డేటా రక్షణ చట్టంలో పరీక్షలకి మినహాయింపు పెట్టారు. మీరు రాసిన జవాబులు ఇవ్వమని ఆ చట్టం కింద పట్టుబట్టలేరు. పరీక్షకుడు రాసిన వ్యాఖ్యలు మాత్రం అడగొచ్చు. అంటే జవాబు కనపడదు, దాని మీద విమర్శ కనపడుతుంది! అప్పీలు విషయంలోనూ ఒక గోడ ఉంది. "నా నిరూపణకి 12 కాదు, 16 రావాలి" అన్న వాదన అకడమిక్ జడ్జిమెంట్ కిందికొస్తుంది, ఇంగ్లండ్, వేల్స్‌లో విద్యార్థుల ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థకి కూడా 2004 చట్టం ప్రకారం దాని జోలికెళ్లే అధికారం లేదు. మార్కులు కూడడంలో తప్పు, పేజీ దిద్దకుండా వదిలేయడం, అనారోగ్య పత్రం పట్టించుకోకపోవడం, ఇలాంటి పద్ధతి లోపాలైతేనే వింటారు.

#19 మౌనపాఠకి

ఓహో. నాది భారతదేశంలోనే. దరఖాస్తు పెడతాను.

#20 ఎప్సిలాన్

నా లిస్టు తిరగరాశాను. గణితం పేపర్లు మూడు ఉంచాను, అందులో మెజర్ థియరీ ఒకటి, డిగ్రీలో దాని వాసన కూడా చూడలేదు. అది తీసేసి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పెట్టుకోనా? డిసర్టేషన్ మాత్రం రాండమ్ అల్గారిథమ్స్ మీద చేద్దామనుకుంటున్నాను.

#21 లెమ్మా

రాండమ్ అల్గారిథమ్స్‌కి మెజర్ థియరీ తప్పనిసరేం కాదమ్మా. ఎక్కువ భాగం పరిమిత సంభావ్యత, మార్టింగేల్స్ తగిలినా వివిక్తమైనవే. కాబట్టి డిసర్టేషన్ కోసం దాన్ని మోయక్కర్లేదు. ఇష్టంతో చదువుతానంటే అది వేరే లెక్క, అప్పుడు ఉంచు. ముందు గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, మొదటి ప్రశ్న అర్థమవుతోందో లేదో చూడు.

#22 రూల్‌బుక్

ఇంకోటి: ఎన్నో వారం వరకు మాడ్యూల్ మార్చుకోవచ్చో రిజిస్ట్రీని అడగండి. చాలాచోట్ల మొదటి రెండు మూడు వారాలు గడువిస్తారు. రెండింటి క్లాసులకీ వెళ్లి, మొదటి ప్రాబ్లమ్ షీట్ చేసి చూసుకుని అప్పుడు ఒకటి వదిలెయ్యండి.